హేమకు రాని ఆటలమ్మ

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. జబ్బు వచ్చి తొమ్మిది నెలలైంది. ఇప్పటికి కుదురుగా కూర్చుని పెన్ను పట్టుకోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకుని, ఒంటి మీద లేచిన పొక్కులకు ఎర్రమన్ను పూయించుకుంటూ కూర్చున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటే, ఇది చదివి లేచి ఆస్పత్రికి పోవాలని నా ఆశ.

నా పేరు రెడ్డెమ్మ. ఇరవై నాలుగేళ్ళుగా బస్సు కండక్టర్‌ని. ఇల్లు పుంగనూరులో. ఎక్కువగా మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో నా డ్యూటీ. నాకు నోరు పెద్దది. అది ఉద్యోగం వల్ల వచ్చిందా, పుట్టుకతోనే ఉందా అని మా ఆయన్ను అడిగితే రెండోదే అంటాడు. జ్ఞాపకశక్తి కూడా ఎక్కువేనని నాకొక గర్వం ఉండేది. గంగవరంలో దిగాల్సిన ముసలాయన కునుకు తీస్తుంటే లేపేది నేనే. ఏ ఊరి కోడలు ఏ నెలలో పుట్టింటికి పోయిందో కూడా చెప్పేదాన్ని.

మొదలైంది ఒక సోమవారం. కుడి రొమ్ము కింద మంట. బ్యాగు పట్టీ ఒరుసుకుందేమో అనుకుని కొబ్బరినూనె రాసుకుని డ్యూటీకి పోయాను. మంగళవారానికి మంట పోయి పోటు వచ్చింది. పక్కటెముకల మధ్య కత్తి దూర్చి ఎవరో తిప్పుతున్నట్టు ఉంది. తిప్పడం ఆపుతారు, ఊపిరి పీల్చుకుంటాను, మళ్ళీ తిప్పుతారు. గుండెనొప్పేమో అని భయం వేసింది. కానీ ఎవరికీ చెప్పలేదు. బుధవారం పలమనేరు స్టాండులో బస్సు కిటకిటలాడిపోయింది. వెనక నుంచి ఒకతను దూసుకొస్తూ మోచేత్తో నా పక్కలో పొడిచాడు. కావాలని కాదు. అతని చెంప ఛెళ్ళుమన్నాక గాని నేను చెయ్యెత్తానని నాకు తెలియలేదు. అతను నా తమ్ముడి వయసువాడు, చంకలో కూరగాయల సంచి. తిరిగి కొట్టి ఉంటే బాగుండేది. బిత్తరపోయి, "ఏమైందమ్మా నీకు?" అన్నాడు. నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను. డ్రైవరు బస్సు ఆపి, నన్ను పుంగనూరు పోయే ఇంకో బస్సెక్కించాడు.

ఇంటికొచ్చి రవిక విప్పి చూసుకుంటే రొమ్ము కింద నుంచి చంక మీదుగా వీపు నడిమి దాకా ఎర్రటి పట్టీ. దాని మీద నీటి పొక్కులు గుంపులు గుంపులుగా లేచాయి. మా ఆయన చూడగానే అక్కి అన్నాడు. మా వైపు అక్కి లేస్తే ఆస్పత్రికి పోరు, కుమ్మరిని పిలుస్తారు. ఆయన కావిమన్ను నీళ్ళలో కలిపి పొక్కుల చుట్టూ సింహం బొమ్మ రాస్తాడు. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందని నమ్మకం. మా అత్తకు రాశారు, మా ఆయనకు రాశారు, ఇద్దరికీ తగ్గింది. అందుకే అదే సాయంత్రం కుమ్మరి మునెప్ప వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, చెయ్యి వణకదు. రాసి, మన్ను ఎండిపోకుండా తడుపుతూ ఉండాలని, ఎండితే అక్కి మళ్ళీ పాకుతుందని చెప్పి పోయాడు.

తడిపింది మా హేమ.

హేమ నా చిన్న కూతురు. వాల్మీకిపురం దగ్గర సచివాలయంలో ఉద్యోగం. అల్లుడు బెంగళూరులో. రెండుసార్లు కడుపు నిలబడక పోయింది. మూడోసారి నిలిచి నాలుగో నెల పడింది కాబట్టి సెలవు పెట్టించి నేనే నా దగ్గరికి తెచ్చుకున్నాను. బరువెత్తనివ్వలేదు, మెట్లెక్కనివ్వలేదు. అలాంటి పిల్ల మూడు రోజులు నా పక్కలో కూర్చుని, గిన్నెలో మన్ను కలుపుకుని, తన వేళ్ళతో నా పొక్కుల మీద అద్దింది. కొన్ని పొక్కులు దాని వేళ్ళ కిందే చితికాయి. నొప్పికి నేను దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మన్ను చల్లగా ఉండేది, అంతవరకు నిజం. నొప్పి మాత్రం ఇంకా రెచ్చిపోయింది. చీర కొంగు తగిలితే చర్మం ఒలిచినట్టుండేది. ఫ్యాను గాలి కూడా కొట్టేది. శనివారం పొద్దున అన్నం పళ్ళెం గోడకేసి కొట్టాను. మా ఆయన పట్టుకోబోతే చేతిని కొరికాను. పళ్ళు దిగిన మచ్చ ఇంకా ఉంది, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపిస్తాడు. ఎదురింటి టైలరు ఖైరున్నీసా ఆ గోలకు వచ్చింది. ఏమీ అడగలేదు. నా కొలతలు తనకు తెలుసు. గంటలో పాత మెత్తటి చీరతో కుడిపక్క కుట్టు లేని గౌను కుట్టి తెచ్చి తొడిగింది. "ఆస్పతాల్‌కు పో అక్కా, మన్ను కత చాలు" అంది. ఆ గౌను లేకపోతే నేను ఆటో ఎక్కగలిగేదాన్ని కాదు.

మదనపల్లెలో ఆ ఆస్పత్రి పేరు చెప్పను. బయట బెంచీల మీద రైతులు, బాలింతలు, కట్టు కట్టిన కాళ్ళు. రెండు గంటలు కూర్చున్నాం. కూర్చున్నాం అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను గోడకు ఎడమ భుజం ఆనించి నిలబడ్డాను. ఎదురుగా ఒక చంటిపిల్ల ఆగకుండా ఏడుస్తుంటే దాని గొంతు నొక్కేయాలనిపించింది. అట్లా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నొప్పి మనిషిని మంచిదాన్ని చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నన్ను మాత్రం మృగాన్ని చేసింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చూసి, మందు మొదటి మూడు రోజుల్లో పడి ఉంటే బాగుండేదని, ఇప్పుడైనా వేసుకోవాలని చెప్పింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. నా చిన్నప్పటి నుంచి అంది. ఎనిమిదేళ్ళప్పుడు కుప్పంలో నాకు ఆటలమ్మ పోసింది. గోక్కోకుండా మా అమ్మ నా చేతులు పాత చీర పీలికలతో మంచం పట్టెకు కట్టేసింది. ఆ పురుగు అప్పుడు చావలేదట. వెన్ను దగ్గర నరం మొదట్లో దాక్కుందట. ఒకసారి దానితో పోరాడిన ఒళ్ళు దాని ముఖం మరిచిపోదు. అది తల ఎత్తినప్పుడల్లా నెత్తిన కొట్టి కూర్చోబెడుతూ ఉంటుంది. ఇన్నేళ్ళు నాకు తెలియకుండా నా లోపల ఆ కొట్లాట జరుగుతూనే ఉందన్నమాట. వయసు పైబడి కాపలా సడలేసరికి అది నరం పట్టుకుని పాకి బయటపడింది.

అంతా చెప్పి మందుల చీటీ రాస్తూ డాక్టరమ్మ హేమ చేతులు చూసింది. గోళ్ళలో ఎర్రమన్ను.

"ఎన్నో నెలమ్మా?" అని అడిగింది. హేమ చెప్పింది. డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు తెలిసింది. అక్కి పొక్కుల్లో నీరు తగిలితే, ఇంతవరకు ఆటలమ్మ రానివాళ్ళకు ఆటలమ్మ వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు వస్తే తల్లికి ఊపిరితిత్తుల్లో పట్టవచ్చు, నెలలు నిండని బిడ్డకు కళ్ళకో కాళ్ళుచేతులకో దెబ్బ తగలవచ్చు. అందరికీ అట్లా కాదని, అరుదేనని ఆమె చెబుతూనే ఉంది గాని నాకు ఆ మాట చెవికెక్కలేదు. హేమకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని నన్ను అడిగింది. వచ్చి ఉంటే భయం లేదు, ఒళ్ళు గుర్తుపట్టి తరిమేస్తుంది.

నాకు ఆలోచించే పని లేకపోయింది. "రాలేదు డాక్టరమ్మా. వాళ్ళక్కకు వచ్చినాది. దీనికి రాకూడదనే ఆ పొద్దే దీన్ని కుప్పం పంపించేసినా. నాకు బాగా గుర్తుండాది."

"మీరు చెప్పింది రాసుకుంటాను. ఈమె రక్తాన్ని కూడా ఒక మాట అడుగుదాం" అంది ఆమె. ఒంటికి పాత జ్ఞాపకం ఉంటే యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయట. ఆ పరీక్ష బెంగళూరు పోయి రావాలి, రెండు రోజులు. ఆ జ్ఞాపకం లేకపోతే ఒక ఇంజెక్షన్ ఉంది, తాకిన పది రోజుల లోపల పడాలి, దాన్నీ బెంగళూరు నుంచే తెప్పించాలి. హేమ నన్ను మొదటిసారి తాకి అప్పటికి నాలుగో రోజు.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని హేమను తరమడం. అది పోనంది. మూడు రోజులు తాకిందాన్ని ఇప్పుడు పోతే ఏం, ఉంటే ఏం అంది. గిన్నె తీసుకుని నా దగ్గరికి మళ్ళీ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు. నేను ఎడమ చేతికి దొరికిన ఇత్తడి చెంబు విసిరాను. దాని చెవి పక్కగా పోయి తలుపుకు తగిలింది. తలుపు చెక్క లేచిపోయింది. కడుపుతో ఉన్న నా బిడ్డ మీద చెంబు విసిరాను. దాన్ని కాపాడటానికే అని చెప్పుకోవచ్చు, కానీ గురి తప్పకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఖైరున్నీసా వచ్చి దాన్ని చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. దారిలో హేమ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆ రెండు రోజులు మా ఇంట్లో మనుషులు మనుషుల్లా లేరు. అల్లుడు ఫోన్లో, మీ మన్ను పూతలకు నా బిడ్డే దొరికిందా అని అరిచాడు. ఎప్పుడూ అత్తమ్మా అని తప్ప పిలవని పిల్లాడు. మా ఆయన ఆ మాటకు అవమానపడి, అక్కి అన్నది నేనే, కుమ్మరిని పిలిచిందీ నేనే అని తల గోడకు కొట్టుకున్నాడు. పెద్ద కూతురు సుజాత హిందూపురం నుంచి ఫోన్ చేస్తే మళ్ళీ అడిగాను. "నాకేమ్మా వచ్చినాది. దాన్ని అవ్వ కాడికి పంపిస్తివి గదా" అంది. ఆశకున్న సందు పూర్తిగా మూసుకుపోయింది. చిన్నప్పుడు దానికి ఆటలమ్మ రాకుండా కాపాడింది నేనే. ఇప్పుడు ఆ కాపాడటమే దాని కడుపు మీదికి తెచ్చింది. మునెప్ప సంగతి విని మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చాడు. గడప బయటే నిలబడి, "నాకు తెలీదమ్మా. తెలిసింటే ఆ బిడ్డను దగ్గిరికి రానిస్తానా?" అన్నాడు. ఆయన మీద అరవడానికి నోరు తెరిచాను గాని, ఆయన చేతులు ఆ రోజు వణుకుతున్నాయి. అరవలేకపోయాను.

కుప్పం సంగతి ఒకటి చెప్పాలి. ఆ రెండు రోజులూ నొప్పితో పాటు అది కూడా నన్ను పొడిచింది.

సుజాతకు ఆటలమ్మ పోసినప్పుడు దానికి ఎనిమిది, హేమకు అయిదు. హేమను మా అమ్మ దగ్గర దించి వచ్చాను. సుజాతకు ఒళ్ళంతా పోసి, జ్వరం మెదడుకెక్కుతుందేమో అనేంత అయింది. ఇటు డ్యూటీ, అటు పిల్ల. అప్పుడు అమ్మ ఇంట్లో ఫోన్ లేదు. నాలుగు వారాల తర్వాత హేమను తెచ్చుకోవడానికి పోతే, పిల్ల పుల్లలా ఉంది. నెత్తిన వెంట్రుకలు లేవు, దగ్గరగా కత్తిరించేశారు. నడుము దాకా ఉన్న జుట్టు. గోళ్ళు కూడా చివరికంటా తీసేసి ఉన్నాయి. పిల్లకు తిండి పెట్టలేదు, పేలు పట్టించి నెత్తి పుండ్లు పడితే జుట్టు గొరిగించింది అనుకున్నాను. మా అమ్మ ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. వీధంతా చూస్తుండగా నోటికొచ్చినట్టు అరిచి, పిల్లను లాక్కుంటూ అమ్మను ఒక తోపు తోశాను. గడప మీద పడింది. నేను వెనక్కి తిరగకుండా బస్సు స్టాండుకు పోయాను. రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు. తర్వాత మాటలు కలిశాయి, రాకపోకలు జరిగాయి. కానీ ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. ఆమె పోయి పదేళ్ళయింది.

సోమవారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది. హేమకు ఎప్పుడో ఆటలమ్మ వచ్చిపోయిందని, రక్తంలో పాత జ్ఞాపకం గట్టిగా ఉందని, ఇంజెక్షన్ అక్కర లేదని చెప్పింది. మా ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నేను సంతోషించలేదు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, డాక్టరమ్మతో పోట్లాడాను. ఎవరి రక్తమో తారుమారై ఉంటుందని, నా పిల్లకు ఏం వచ్చిందో నాకు తెలియదా అని అరిచాను. ఆమె ఓపిగ్గా విని, కావాలంటే మళ్ళీ తీద్దాం అంది. మళ్ళీ తీశారు. మళ్ళీ అదే వచ్చింది.

అప్పుడు కుప్పంలో మా పిన్నమ్మకు ఫోన్ చేశాను. మా అమ్మకు చెల్లెలు, అదే వీధి, డెబ్బై ఎనిమిదేళ్ళు. హేమకు అక్కడున్నప్పుడు ఏమైనా అయిందా అని అడిగాను.

"అయ్యిండ్లా? నువ్వు దించిపోయిన పది దినాలకే అమ్మోరు పోసినాది. నెత్తి నిండా. గోకి గోకి నెత్తురు కారిస్తాంటే మీ అమ్మే వెంటికలు కత్తిరించేసినాది. బిడ్డను ఒళ్ళో పెట్టుకోని అట్లే కూకోనుండేది."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు సెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది. పెద్దదాంతో అది సచ్చిపోతాండాది, దీని సంగతి తెలిస్తే ఆడ ఉండలేదు, ఈడికి రాలేదు, బస్సు కింద పడతాది అనింది. నువ్వు వచ్చినప్పుడు సెప్తామనే అనుకునింది. నువ్వు సెప్పనిస్తివా?"

ఫోన్ పెట్టేసి నేను ఏడ్చిన ఏడుపు నొప్పి ఏడుపు కాదు. ఎదురింటి నుంచి హేమ పరుగెత్తుకుంటూ వచ్చింది, పరుగెత్తొద్దని అరవడానికి కూడా నాకు శక్తి లేకపోయింది. దాని జుట్టులో వేళ్ళు పెట్టి వెతికాను. చెవి వెనక, నడినెత్తి మీద, వెంట్రుకలు మొలవని చిన్న గుంటలు మూడు దొరికాయి. ఇరవై ఏళ్ళు ఆ నెత్తికి నేనే దువ్వి జడవేశాను. బస్సులో ఎవరు ఎక్కడ దిగాలో చెప్పగల మనిషిని.

తర్వాతి నెలలు చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పొక్కులు ఎండి రాలిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. నరం కాలిపోయిన చోట ఇప్పటికీ రోజుకు నాలుగైదు సార్లు కత్తి తిరుగుతుంది. మందు వేసుకుంటున్నాను, మూడు నెలల నాటికి సగం తగ్గింది. డ్యూటీలో చేరాను, బ్యాగు ఇప్పుడు ఎడమ భుజానికి. పలమనేరు స్టాండులో నేను కొట్టినతను ఒకరోజు బస్సెక్కాడు. క్షమించమని అందరి ముందూ అడిగాను. సీటు చూసి కూర్చోమంటే, ముందు మీరు కూర్చోండమ్మా అన్నాడు. అక్కి లేచినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కుమ్మరిని పిలవండి, మీ ఇష్టం. కానీ ముందు ఆస్పత్రికి పొండి, మూడు రోజులు దాటనివ్వకండి. కడుపుతో ఉన్నవాళ్ళను, చంటిపిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఇంట్లో ఎవరికి ఏం వచ్చిందో మీకు బాగా గుర్తుందని అనుకోకండి.

హేమకు ఆడపిల్ల పుట్టింది. కళ్ళు, కాళ్ళు, చేతులు అన్నీ నేను పదిసార్లు చూసుకున్నాను. తల్లి రక్తంలో ఉన్న ఆ జ్ఞాపకం బిడ్డకు కూడా కొన్ని నెలలు కాపలా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న అయిదేళ్ళ పిల్లే కళ్ళ ముందు కనబడుతోంది.

పాపకు మూడో నెల పడ్డాక పిన్నమ్మ చూడటానికి కుప్పం నుంచి వచ్చింది. పాపను ఆమె ఒళ్ళో పెట్టి, ఇరవై ఏళ్ళుగా నోట్లో ఆగిపోయిన మాట చెప్పాను. "పిన్నమ్మా, ఆ పొద్దు నేను అమ్మను తోసినాను."

"నాకు తెలుసులే. గడప కాడ్నుంచి లేపింది నేనే గదా" అంది, పాప ముఖం మీదే కళ్ళు పెట్టుకుని. "మోచెయ్యి వాసిపోయినాది. పసుపు పెట్టి కట్టేసినా."

అమ్మ నన్ను ఏమైనా అనిందా అని అడిగాను. తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేదేమో.

"నిన్ను ఏమీ అనలేదు. రేత్రి మబ్బయినాక ఒగే మాట అనింది. పిల్ల నెత్తిన పుండ్లు ఇంకా ఆరలేదు, ఏపనూనె పెట్టమని దానికి సెప్పడం మర్సిపోతినే అనింది."

పాప ఏడ్చింది. హేమ పాలివ్వడానికి తీసుకుంది. నేను లేచి లోపలికి పోయి నూనె గిన్నె తెచ్చుకుని, హేమ వెనక కూర్చుని, ఆ మూడు గుంటలు వెతికి నూనె పెట్టాను.